నలభై ఒకటో ప్లాటు

ఫాంగ్ సార్ విసిరిన కాగితాల కట్ట నా భుజానికి తగిలి సెమినార్ గదిలో చెల్లాచెదురుగా పడింది. గదిలో పదకొండు మందిమి ఉన్నాం. ఎవరూ వంగి ఒక్క కాగితమూ తియ్యలేదు.

"నలభై ఒకటో ప్లాటుని యాభై మీటర్లు పక్కకి జరిపావా లేదా?"

"జరిపాను సార్."

"ఎవర్నడిగి?"

"కింద లోయలో రంపం చప్పుడు వినిపించింది సార్. భయమేసింది."

"భయమేసిందట," అన్నారాయన మిగతా వాళ్ళకేసి తిరిగి. "రేపు వానొస్తే ఇంకోటి జరుపుతుంది. జలగలుంటే మరోటి. చివరికి రోడ్డు పక్కన చెట్లు కొలిచి డాక్టరేట్ ఇమ్మంటుంది."

ఇద్దరు నవ్వారు. నవ్వకపోతే తర్వాతి వంతు తమదేనని వాళ్ళకి తెలుసు.

ఫాంగ్ చీయువాన్ మా అటవీ విభాగంలో గణాంకశాస్త్రం చెప్పేవారు. నా పరిశోధనకి గైడ్ ఆయనే. నాన్‌తో అనే జిల్లా కొండల్లో ఎర్ర సైప్రస్ చెట్లు ఎన్ని మిగిలాయో, దొంగలు ఎన్ని కొట్టుకుపోతున్నారో అంచనా కట్టడం నా పని. కొండంతా కొలవలేం కాబట్టి, లాటరీ తీసినట్టు అంకెలు తీసి, అవి చూపిన అరవై చోట్ల ఇరవై మీటర్ల చదరాలు గీసి, వాటిలోని ప్రతి చెట్టునీ, ప్రతి మొద్దునీ కొలవాలి. ఆ చదరాలే ప్లాట్లు. అంకె ఎక్కడ చూపిస్తే అక్కడికే వెళ్ళి తీరాలి.

"దొంగలున్న చోటు వదిలేస్తే అసలు దొంగతనాలే లేవని తేలుతుంది," అన్నారు. "నీ భయం వచ్చి లెక్కలో కూర్చుంటుంది యుఛిన్. సోమవారం నేనూ వస్తా. ఎక్కడ పడిందో అక్కడే కొలుద్దాం."

ఆయన అన్నది నిజం. అందుకే ఇంకా మండింది.

సోమవారం పొద్దున్నే బయల్దేరాం. రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి నాలుగు గంటల ఎక్కుడు. ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు. నిటారుగా ఉన్నచోట నా వీపు మీది ఇనుప మేకుల కట్ట లాక్కుని తన సంచిలో వేసుకున్నారు. ఒకచోట కూర్చుని అన్నం ముద్దలు తిన్నాం.

ప్లాటు దగ్గర రంపం చప్పుడేమీ లేదు. మూడు మూలల్లో మూరెడేసి మేకులు దిగ్గొట్టి, నాలుగో మూలకి వెళ్తుంటే పచ్చి సైప్రస్ వాసన గుప్పుమంది. పడి ఉన్న మాను వెనక టార్పాలిన్ కింద ముగ్గురు మగాళ్ళు నూడుల్స్ తింటున్నారు. పక్కనే గోనెల్లో చుట్టిన చెట్టు బుడిపెలు. శిల్పాలు చెక్కేవాళ్ళు వాటికోసం పడిచస్తారు.

"ఏం ముసలోడా, దారి తప్పావా?" అన్నాడొకడు. వక్కతో నోరంతా ఎర్రగా ఉంది.

"యూనివర్సిటీ నుంచి వచ్చాం. చెట్లు కొలుస్తున్నాం."

"కొలిచింది చాల్లే. దిగిపో."

అప్పుడే దిగిపోవాల్సింది. ఆయన మాత్రం టేపు తీసి, వాళ్ళు కోసిన మొద్దు చుట్టూ చుట్టి, పాఠం చెప్పే గొంతుతోనే, "రాసుకో. నూట నలభై రెండు సెంటీమీటర్లు. కొత్త కోత," అన్నారు.

నేను రాశాను. ఎందుకు రాశానో నాకు ఇప్పటికీ తెలీదు.

ఎర్రనోటివాడు లేచాడు. గొడ్డలి తిరగేసి, దాని వెనకభాగంతో సార్ చెవి మీద కొట్టాడు. తడిబట్టని బండకేసి బాదినట్టు చప్పుడైంది. ఆయన కూలబడ్డారు. రెండోవాడు డొక్కలో తన్నాడు, తర్వాత మూతి మీద. పన్ను ఊడి ఆయన గడ్డానికి అతుక్కుంది. మూడోవాడు నా జుట్టు పట్టి ఈడ్చి, పుస్తకం లాక్కుని పొయ్యిలో పడేశాడు. మా ఫోన్లు రెండూ రాతికేసి పగలగొట్టాడు.

"ఏ చేత్తో రాస్తావే?" అన్నాడు.

"కుడి," అన్నాను. నాది ఎడమచేతి వాటం.

నా కుడిచేతి వేళ్ళు రెండు వెనక్కి విరిచాడు. కర్రపుల్లల్లా విరిగాయి. నేను అరిచిన అరుపు నాకే ఎవరిదోలా వినిపించింది.

"చాల్లేరా, చస్తాడు," అన్నాడు సార్‌ని తన్నుతున్నవాడు ఆయాసపడుతూ.

"చావడు. ఇంకెప్పుడూ కొండెక్కకుండా చేస్తా," అని ఎర్రనోటివాడు ఆయన మోకాలి మీదికి గొడ్డలి ఎత్తాడు. ఈసారి పదునువైపు.

నాలుగో మేకు నా పక్కనే పడి ఉంది. ఎడమచేత్తో తీసి వాడి ముఖం మీద కొట్టాను. గొడ్డలి జారిపోయింది. మళ్ళీ కొట్టాను. పడిపోయాడు. కదలకుండా పడున్నవాణ్ణి ఇంకోసారి కొట్టాను.

మిగతా ఇద్దరూ నన్ను చూశారు. నేను వాళ్ళకేసి నడిచాను. రంపం కూడా వదిలేసి లోయలోకి పరుగెత్తారు.

సార్ చెవిలోంచి నెత్తురు కారుతోంది. "వాడు... ఊపిరి చూడు," అన్నారు. ఊపిరి ఉంది. నా చొక్కా చింపి వాడి కంటికి కట్టాను. ఇద్దర్నీ టార్పాలిన్ కింద పక్కపక్కన పడుకోబెట్టి, విరిగిన వేళ్ళు చంకలో పెట్టుకుని, అటవీ కాపలాదారుల ఠాణా దాకా పడుతూ లేస్తూ దిగాను. వాళ్ళు స్ట్రెచర్లతో ఎక్కారు.

నేను కొట్టిన మనిషి పేరు లాయ్ క్వోతుంగ్. బతికాడు. ఎడమకన్ను పోయింది. పారిపోయిన ఇద్దరూ వారంలో దొరికారు.

ప్రాసిక్యూటర్ వాంగ్మూలం తీసుకునే ముందురోజు నేను ఆసుపత్రికి వెళ్ళాను. దవడకి తీగలు కట్టి ఉండటంతో సార్ పళ్ళ మధ్య నుంచి మాట్లాడారు.

"రెండుసార్లే కొట్టానని చెప్పు. అడిగితే నేనూ రెండే అంటాను."

"మూడు సార్."

"నీ జీవితం పాడవుతుంది అమ్మాయ్. ఒక్క దెబ్బేగా. ఎవడు లెక్కపెట్టాడు?"

"నేను లెక్కపెట్టాను."

ఆయన ఏడ్చారు. దవడ కదలకుండా మనిషి ఏడిస్తే ఎలా ఉంటుందో అప్పుడే చూశాను. "నేనే నిన్ను తీసుకెళ్ళాను," అన్నారు. "రంపం చప్పుడన్నావు. ఎంత దూరంలో అని కూడా అడగలేదు నేను."

నాకు జాలి కలిగింది. కోపం మాత్రం పోలేదు. రెండూ అలాగే ఉన్నాయి.

కోర్టులో మొదటి రెండు దెబ్బలూ ఆత్మరక్షణే అన్నారు. మూడోదానికి ఆరునెలల శిక్ష వేసి, అమలు నిలిపేశారు. యూనివర్సిటీ ఒక సెమిస్టరు దూరం పెట్టింది. తిరిగొచ్చాక, కాపలాదారులు తోడు వస్తే మిగిలిన ప్లాట్లు కొలిచి పరిశోధన ముగించాను. ఫాంగ్ సార్‌కి ఒక చెవి పూర్తిగా పోయింది. నా థీసిస్ మీద నన్ను పరీక్షించిన రోజు, వినిపించే చెవి నావైపు ఉండేలా కుర్చీ తిప్పుకుని కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన ఎవరి మీదా కాగితాలు విసరలేదని విన్నాను.

ఇప్పుడు నేను తూర్పు తీరంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. నాకూ నలుగురు పరిశోధక విద్యార్థులున్నారు. మంచి పిల్లలే. ఒక్కోసారి ఎవరైనా కొలవని చెట్టుకి కొలత వేసుకొచ్చి, నా ముందు కూర్చుని కళ్ళార్పకుండా అబద్ధం చెబుతారు. అప్పుడు బల్ల కింద నా ఎడమచెయ్యి దానంతటదే బిగుసుకుంటుంది. నేను లేచి వెళ్ళి కిటికీ తెరిచి, అది వదులయ్యేదాకా వాళ్ళకి వీపు పెట్టి నిలబడతాను.