గుమ్మం మీది గీతలు

ఆ మధ్యాహ్నం ఇరుగుపొరుగు తలుపు కొట్టకుండానే టామ్సిన్ ఇంట్లోకి వచ్చేశారు. ముందు హిల్డా ప్రౌట్. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, భుజాన తాడు చుట్ట. వెనక చర్చి మంచిచెడ్డలు చూసే గిల్బర్ట్, తోపుడు బండి నిండా ఇటుకలతో.

"సోఫా ముందా, బల్ల ముందా అమ్మాయ్?" అంది హిల్డా, టీలో పంచదార ఎంత అని అడిగినంత తేలిగ్గా.

టామ్సిన్ చేతిలో కేకు పిండి గిన్నె ఉంది. పెళ్లయి ఇంకా ఏడాది తిరగలేదు. ఈ ఇంట్లో ఆమెకూ భర్త రూఫస్‌కూ ఇదే మొదటి చలికాలం.

"దేనికి ముందు?"

"పైకెత్తడానికి. టీ వేళకి నీళ్లు గుమ్మంలో ఉంటాయి. నది చర్చి మైదానం గేటు దాటేసింది, చూడలేదూ?"

టామ్సిన్ చూసింది. పొద్దున్నే కిటికీలోంచి మైదానమంతా అద్దంలా మెరుస్తుంటే, దాని మీద హంసలు తిరుగుతుంటే, రూఫస్‌ని నిద్ర లేపి మరీ చూపించింది. ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని, ఒకే కప్పులో టీ తాగుతూ చూశారు. ఎంత బావుందో అనుకున్నారు!

హిల్డా దూలం వైపు చేయెత్తింది. అక్కడి ఇనుప కొక్కేనికి టామ్సిన్ కట్టుకున్న ఎండు లావెండర్ కట్టను విప్పి ఆమె చేతిలో పెట్టింది. అదే కొక్కెంలోంచి తాడు దూర్చింది. గిల్బర్ట్ చూడకుండానే ముడి వేశాడు. భోజనాల బల్ల నేల విడిచి, ఊగుతూ ఊగుతూ పైకప్పు కిందికి వెళ్లి ఆగింది.

టామ్సిన్ నోరు తెరుచుకుని దాన్నే చూసింది. ఆ కొక్కేలను చూసే కదా ఈ ఇల్లు కొందామని పట్టుబట్టింది! పువ్వులు వేలాడదీసుకోవచ్చని గంతులేసింది. వాకిట్లోంచి వంటింటి దాకా రాతి పలకల నేల, తివాచీ అన్నదే లేదు. ఎంత చల్లగా ఉందో అని చెప్పులు విప్పి నడిచింది. కరెంటు ప్లగ్గులన్నీ నడుముకు పైన ఉంటే, వంగే పనే లేదని మురిసిపోయింది. ఒక్కొక్కటే గుర్తొస్తుంటే ఆమె చెవులు వేడెక్కాయి. నీళ్లు ఈ ఇంటికి కొత్త చుట్టం కాదు. ఇల్లంతా నీళ్ల కోసమే సర్దిపెట్టి ఉంది.

"అంటే ఊరందరికీ తెలుసా?"

"తెలియనిదెవరికి?"

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదుగా."

"అడిగాను! ప్లగ్గులు అంత ఎత్తున ఎందుకున్నాయని మిమ్మల్నే అడిగాను. మీ పెరటి గోడ దగ్గర నిలబడి!"

"అడిగావు. నడుముకి మంచిదన్నాను. అబద్ధమా?"

టామ్సిన్ గిన్నెను మెట్ల మీద ఠక్కున పెట్టింది. అప్పుడే పెరటి షెడ్డులోంచి రూఫస్ వచ్చాడు. రెండు చేతుల్లో రెండు పెయింటు డబ్బాలు, పంట్లాం పిక్కల దాకా తడి.

"టామీ, షెడ్డులోకి నీళ్లు..."

"తెలుసు! ఊరందరికీ తెలుసట. మ్యాపులో మన వీధంతా నీలంగా ఉందేమని నువ్వు అడిగితే ఇల్లు చూపించిన ఆ ఏజెంటు ఏమన్నాడు?"

"నది పక్క ఊరు కదా, అలాగే రంగు వేస్తారన్నాడు."

"మనం నమ్మాం."

"నువ్వు అప్పుడు కొక్కేలు చూస్తున్నావు," అన్నాడు రూఫస్ నీరసంగా.

"నా మీదికే తోస్తావేం? రేపే అమ్మేద్దాం. ఇలాంటి మనుషుల మధ్య ఒక్క రోజుండను."

హిల్డా ముఖం విప్పారింది. "అమ్ముతారా? అయితే బెంగేం లేదు బంగారం. నీళ్లు తీశాక మేమంతా వస్తాం. గోడలు కడిగేసి, గుమ్మానికి పుట్టీ పెట్టి, తెల్లరంగు రెండు పూతలు వేస్తే కొత్త ఇల్లే. గులాబీలు పూశాక అమ్మకం బోర్డు పెట్టండి. మార్జరీకీ అలాగే చేశాం, పాపం."

మార్జరీ ఈ ఇల్లు వీళ్లకు అమ్మిన విధవరాలు. తాళాలతో పాటు యాపిల్ జామ్ సీసా కూడా ఇచ్చి ముద్దు పెట్టి వెళ్లింది.

"హిల్డా," అన్నాడు గిల్బర్ట్, గొంతు సవరించుకుని.

"గుమ్మానికి పుట్టీ ఎందుకు?" అంది టామ్సిన్.

ఆమె రూఫస్ డబ్బా మీదున్న రంగు గీకే రేకును లాక్కుని వీధి గుమ్మం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. కసిగా గీకింది. తెల్లరంగు పెచ్చులుగా లేచింది. దాని కింద పుట్టీ, పాత కేకు మీది ఐసింగులా రాలింది. కొయ్యలో ఒక గీత బయటపడింది, పక్కన వరద వచ్చిన సంవత్సరం. దాని పైన ఇంకొకటి. ఇంకా పైన ఇంకొకటి. అన్నిటికన్నా పై గీత దగ్గరికి వచ్చేసరికి ఆమె లేచి నిలబడాల్సి వచ్చింది. అది సరిగ్గా నడుము ఎత్తున, ప్లగ్గులకు బెత్తెడు కింద ఉంది.

"ఇది మీరే కప్పారు."

"నేనూ గిల్బర్టూ," అంది హిల్డా. దాచలేదు. "మార్జరీకి మోకాళ్లు పోయాయి. చెల్లెలి ఊరికి వెళ్లాలి. ఇల్లు అమ్ముడుపోక బోర్డు ఏళ్ల తరబడి అక్కడే ఉంది. మార్జరీ మా మనిషి. మీరు అప్పటికి ఎవరో."

"ఇప్పుడెవరం?"

"ఇప్పుడా? ఇప్పుడు తాడు పట్టుకొచ్చాంగా."

ఆ మాటకు టామ్సిన్ కోపం రెట్టింపయింది. పొమ్మందామని నోటిదాకా వచ్చింది. కానీ సోఫా ఇంకా నేల మీదే ఉంది, రూఫస్ ఒక్కడూ ఎత్తలేడు. పళ్లు కొరుక్కుంటూ ఒక కొస పట్టుకుంది. రెండో కొస హిల్డా పట్టుకుంది. గిల్బర్ట్ కింద ఇటుకలు పేర్చాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

టీ వేళకు నీళ్లు పిల్లిలా తలుపు కిందుగా వచ్చాయి. టామ్సిన్, రూఫస్ మెట్ల మీద కూర్చుని, కాలడానికి నోచుకోని కేకు పిండిని ఒకే చెంచాతో తిన్నారు. రూఫస్ ముక్కుకు పిండి అంటుకుంది. ఆమెకు నవ్వొచ్చింది. ఇలాంటి రోజున నవ్వొచ్చినందుకు మళ్లీ ఒళ్లు మండింది.

నీళ్లు తీశాక హిల్డా చీపురూ బకెట్టూ పట్టుకొచ్చింది. బకెట్టులో కొత్త పుట్టీ డబ్బా ఉంది. టామ్సిన్ అప్పటికే గుమ్మం దగ్గర ఉలీ సుత్తీ పట్టుకుని కూర్చుంది. బురద ఆగిన చోట, పిక్క ఎత్తున, కొత్త గీత చెక్కుతోంది.

"అంత లోతుగానా? పూడ్చడానికి సగం డబ్బా పడుతుంది."

"పూడ్చనివ్వను. ఇల్లు అమ్మినా సరే, ఉన్నా సరే. కొనడానికి వచ్చినవాళ్లు ముందు దీన్ని చూడాలి, తర్వాత మీ నవ్వుముఖాలు చూడాలి. ఈ వీధిలో ఏ ఇంటికి బోర్డు పెట్టినా గేటు దగ్గర నేను నిలబడతాను."

"ఊరికి చెడ్డపేరు తెస్తావే పిల్లా."

"తెస్తాను."

హిల్డా వంగి ఆ గీత మీద వేలు నడిపింది. "వంకరగా వచ్చింది," అంది.

"నాకిదే మొదటిది."

"ఎడమ కొస ఇంకాస్త దించు. మా ఆయన అన్నీ సరిసమానంగా చెక్కేవాడు."

టామ్సిన్ దించింది. తర్వాత చేయి చాపి, "ఆ డబ్బా ఇలా ఇవ్వండి," అంది. హిల్డా ఇచ్చింది. టామ్సిన్ వీధి తలుపు బార్లా తెరిచి, గాలికి మూసుకోకుండా పుట్టీ డబ్బాను దానికి అడ్డం పెట్టింది.