నూటికి ఐదు పాళ్ళు

ధవళేశ్వరంలో తన చిచ్చుబుడ్డి వెలగకపోతే దీపావళి దీపావళే కాదని దొరబాబు నమ్మకం. ఊరూ కాదనదు. బొగ్గు, గంధకం, సూరేకారం ఎన్ని పాళ్ళు కలపాలో ఆయనొక్కడికే తెలుసు. అవి తూచే త్రాసు ఇంకెవరూ ముట్టుకోకూడదు. కూతురు సత్యశ్రీ చిన్నప్పట్నుంచీ నేర్పమని అడుగుతూనే ఉంది. "ఆడపిల్లవి, నీకెందుకమ్మా మందుగుండు?" అని నవ్వేసేవాడు. ఆ పిల్ల ఫార్మసీ చదివి రాజమండ్రిలో మందుల షాపులో చేరినా ఆయన మాట మారలేదు.

ఆ ఏడు వినాయకచవితికి దొరబాబు పళ్ళు మొరాయించాయి. సూరేకారం చిటికెడు నాలుక మీద వేసుకుని, ఆ చల్లదనాన్ని బట్టి సరుకు నాణ్యం తేల్చడం ఆయన పద్ధతి. ఇప్పుడా చల్లదనానికే పళ్ళు జివ్వుమంటున్నాయి. రోజూ ఊకబూడిదతో తళతళలాడేలా తోముకుంటానని గొప్ప కూడాను.

సత్యశ్రీ షాపులో ఉన్న పేస్టు డబ్బాలన్నీ తిరగేసి, వెనకాల రాసింది చదివి, రెండు తెచ్చింది. "దీంట్లో ఫ్లోరైడ్ ఒక్కటే ఉందండి, పంటి పైపొర గట్టిపడ్డానికి. దీంట్లో అదీ ఉంది, జివ్వుమనకుండా పొటాషియం నైట్రేటూ ఉంది. అంటే మీ సూరేకారమే నాన్నగారూ. ఇదే వాడండి."

దొరబాబు చెవిలో సూరేకారం ఒక్కటే పడింది. షెడ్డులో బస్తా పెట్టుకుని ట్యూబు కొనడమేంటి! మర్నాడు గుప్పెడు సూరేకారం ఊకబూడిదలో కలిపి బరబరా తోమాడు. మధ్యాహ్నానికి చిగుళ్ళు పుండైపోయి, పెరుగన్నం కూడా దిగలేదు.

సత్యశ్రీకి ఒళ్ళు మండింది. "చిచ్చుబుడ్డిలో సూరేకారం గుప్పెడు ఎక్కువేస్తే ఏమవుద్దండి?"

"పేలిపోద్ది."

"మరి నోరు ఊరుకుంటదా? ట్యూబులో నూటికి ఐదు పాళ్ళేనండి. ఆ బూడిద పైపొరని అరగదీసేసింది. పోయింది మళ్ళీ రాదు, ఉన్నదాన్నే కాపాడుకోవాలి."

పాళ్ళ గురించి దొరబాబుకి ఒకరు చెప్పడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. చిగుళ్ళు మానాక, కూతురు చెప్పిన పేస్టే వేసుకుని, మెత్తటి బ్రష్షుతో నెల్లాళ్ళు బుద్ధిగా తోముకున్నాడు.

దీపావళి సరుకు దిగింది. చిటికెడు సూరేకారం నాలుక మీద వేసుకున్నాడు. చల్లగా ఉంది. పళ్ళు పలకలేదు. త్రాసు తీసి, షెడ్డులో అందరి ముందూ సత్యశ్రీ చేతిలో పెట్టాడు.

తమ్ముడి కొడుకు చినబాబు నోరు తెరిచాడు. "పెదనాన్నగారండీ, పాళ్ళు తప్పితే..."

"పాళ్ళు తప్పితే ఏమవుద్దో నాకే చెప్పిందిరా అది," అన్నాడు దొరబాబు, ఉన్న పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ.