సింగన్న గోడమీది చక్రాలు

నర్సీపట్నం మార్కెట్ దగ్గర సింగన్న సైకిల్ షాపుకి ఎవరు వెళ్లినా ముందు చీవాట్లు తినాలి. వంగిన రిమ్ము విప్పుతూ, "సూసి తొక్కొద్దేటి?" అంటాడు. ముప్ఫై ఏళ్లుగా అదే మాట. పాలు పోసే భీమన్నకీ అదే, జీడిపిక్కల షెడ్డులో పనిచేసే వరహాలక్ష్మికీ అదే. పని మంచిది గనక ఎవరూ నొచ్చుకోరు. ఇక బాగుపడవనుకున్న రిమ్ముల్ని గోడమీది మేకులకి తగిలిస్తాడు.

నిరుడు షాపు ముందు రోడ్డు వెడల్పు చేశారు. ఊరంతా మురిసిపోయింది. మన దృష్టిలో అభివృద్ధంటే వెడల్పే కదా! తారు అంచు మట్టికంటే జానెడు ఎత్తున నిలిచిపోయింది. ఆ అంచు పొడవునా కార్లు ఆపడం మొదలైంది. సైకిల్ మీద వచ్చేవాళ్లు లారీల మధ్యకైనా పోవాలి, మట్టిలోకైనా దూకాలి. కార్లో కూర్చున్నవాళ్లకి ఈ బాధ ఎలా తెలుస్తుంది?

ఒక సాయంత్రం సింగన్న కూతురు ఈశ్వరి సైకిల్ నడిపించుకుంటూ షాపుకి వచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. ముందుచక్రం నూనెలో వేసిన అప్పడంలా మెలి తిరిగింది. మోకాలి నుంచి రక్తం కారుతోంది.

"సూసి తొక్కొద్దేటే?" అలవాటుగా నోటికొచ్చేసింది.

"సూసే తొక్కినాను నానా. ఆగున్న కారు తలుపు తీసీసినారు. పక్కకి తిప్పితే సక్రం అంచు దిగిపోనాది."

సింగన్న కట్టు కట్టాడు. తర్వాత ఆ సైకిల్‌కి గొలుసు చుట్టి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"రేపట్నుంచి ఆటోలో ఎల్లు."

"ఆటో నిండితే గాని కదల్దు నానా. మొదటి క్లాసు రోజూ పోద్ది."

"పోతే పోనీ. నువ్వు మిగిల్తే సాలు నాకు."

ఊరందరి సైకిళ్లూ బాగుచేసే మనిషి సొంతబిడ్డ సైకిల్‌కి తాళం వేశాడు. తనదాకా వస్తే గాని నొప్పి తెలియదంటారు. కూతురి సైకిల్ నుంచి విప్పిన రిమ్మును మేకుకి తగిలించబోయి, గోడకేసి చూసి ఆగిపోయాడు. కొత్త రోడ్డు పడ్డాక తగిలించినవి పదకొండు. ఏది ఎవరిదో అతనికి గుర్తే. పదకొండు మందీ ఆ అంచు దగ్గరే పడ్డారు. ఇంతమందికీ కళ్లు లేవా? తప్పు లేనివాళ్లని ఇన్నాళ్లూ తిట్టానే అని సింగన్న మనసు చివుక్కుమంది.

మర్నాడు రోడ్ల ఇంజనీరు ధర్మారావు గారిని కలిసి, సైకిళ్లకి వేరే దారి కావాలని అడిగాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఫైలు తీసి ఓపిగ్గా చూపించాడు.

"పదింటి నుంచి ఒంటిగంట దాకా మనిషిని పెట్టి లెక్క తీయించాం సింగన్నా. ఆరే సైకిళ్లు! ఆరింటి కోసం వేరే దారి వెయ్యమంటావా?"

"పదింటికా బాబూ! అప్పటికి సైకిలోలంతా పనుల్లో ఉంటారు. రేపు పొద్దున్న ఆరింటికి మా షాపుకి రండి."

ధర్మారావు వచ్చాడు. కారు రోడ్డు పక్కన ఆపి, షాపు ముందు స్టూలు మీద కూర్చున్నాడు. పాలక్యాన్లు, కూరగాయల బుట్టలు, షెడ్డు ఆడవాళ్లు, యూనిఫారం పిల్లలు... ఏడున్నరకే రెండు వందలు దాటి లెక్క తప్పింది. అంతలో వరహాలక్ష్మి, ఆగి ఉన్న ఒక కారును తప్పించుకోబోయి నడిరోడ్డు మీదికి వచ్చింది. వెనక లారీ కీచుమంటూ బ్రేకు వేసింది. జానెడు దూరంలో ఆగింది.

ఆమె సైకిల్ దిగి, "ఎవుడిదర్రా ఈ కారు? దారికడ్డంగా ఎట్టీసినాడు!" అని అరిచింది.

ధర్మారావు ముఖం తేలు కుట్టిన దొంగలా అయిపోయింది. లేచి, "నాదేనమ్మా" అన్నాడు.

ఆ వారమే ధర్మారావు రోడ్డు సరిచేయించడం మొదలుపెట్టాడు. పని పూర్తికావడానికి మూడు నెలలు పట్టింది. అంచు సమం చేసి, సైకిళ్లకి వేరే దారి వేసి, కార్లు ఎక్కకుండా రాళ్లు పాతారు. కార్లవాళ్లు కొన్నాళ్లు గొణిగారు. ఈశ్వరికి మాత్రం మూడు నెలల మొదటి క్లాసులు పోనేపోయాయి. వాటిని తిరిగి ఇచ్చేవాళ్లెవరు?

దారి తెరిచిన రోజు నలుగురూ అడిగితే ధర్మారావు మాట్లాడాడు. "చూసి తొక్కమని సైకిల్ మీద వెళ్లేవాళ్లకి చెబుతాం. రోడ్డు మీద ఎవరెవరు వెళుతున్నారో ముందు చూడవలసింది రోడ్డు వేసే మేము. మేము చూడలేదు. కార్లో వెళ్లేవాళ్లతో పాటు సైకిల్ తొక్కేవాళ్లు కూడా క్షేమంగా ఇల్లు చేరితేనే అది ఊరికి రోడ్డు."

సింగన్న కూతురి సైకిల్‌కి కొత్త రిమ్ము వేసి, జేబులోంచి తాళంచెవి తీసి గొలుసు విప్పాడు. ఈశ్వరి సైకిలెక్కింది. అలవాటుగా సింగన్నకి ఆ పాత మాటే నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"బేగెల్లమ్మా," అన్నాడు, "మొదటి క్లాసు పోద్ది."