ఉత్తరం వైపు గది

"సిల్కె, నీకు బోర్డొచ్చింది," అన్నాడు మా ఆయన వోల్కర్, గుమ్మంలో బూట్లు విప్పుతూ.

మా బిల్డింగులో మెట్లు ఊడ్చి తుడిచే వంతు వారానికొక ఇంటిది. తమ వంతు అయిపోయినవాళ్ళు చిన్న చెక్క బోర్డు తెచ్చి పక్కింటి తలుపు పిడికి తగిలించి పోతారు. జర్మనీలో, ఈ ష్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఆ బోర్డు తగిలాక కిక్కురుమనేవాళ్ళు లేరు. మా తలుపు మీద వోల్కర్ పేరూ ఉంది, నా పేరూ ఉంది. అయినా ఎనిమిదేళ్ళుగా బోర్డు నాకే వస్తోంది. మెట్లదేముంది, ఒళ్ళు మండుతున్నా తుడిచి పారేస్తాను. నన్ను తినేస్తున్నది యూలె గది.

యూలె మా కూతురు, ఆరేళ్ళది. ఉత్తరం వైపు గది దానిది. అక్టోబరులో దాని మంచం వెనక గోడకి నల్లబూజు పట్టింది. నేను తుడవడం, పది రోజులకల్లా అది మళ్ళీ రావడం. పిల్లకి దగ్గు మాత్రం ఒక్క రోజూ తెరిపి ఇవ్వలేదు. "నలభై ఏళ్ళు కాపురం చేశాను, మా ఇంట్లో ఒక్క మచ్చ చూపించు. కిటికీలు తీసే ఆడదుంటే గోడలెందుకు చెమ్మగిల్లుతాయమ్మా?" అంది అత్తగారు ఫోనులో. వృద్ధాశ్రమంలో డ్యూటీకి పోయేముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి, పదేసి నిమిషాలు కిటికీలు బార్లా తీస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం తీయవలసింది ఇంట్లో కూర్చుని పనిచేసుకునే ఆమె కొడుకు. "చలేస్తుంది, వేడంతా బయటికి పోతుంది," అంటాడు. చలెందుకు వేస్తుందో, ఆయనది దక్షిణం వైపు ఎండ పడే గది. ఈ మాట అత్తగారితో అనలేకపోయాను. అననందుకు వారమంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

మంగళవారం గోడ సంగతి చెబితే, డాక్టరుగారు పిల్ల వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. "ముందు పిల్లని ఆ గదిలోంచి మార్చేయండి. ఊపిరితిత్తులు పాడైతే మళ్ళీ రావు," అన్నారు. ఆ సాయంత్రమే గదులు మార్చుకుందామని వోల్కర్‌ని అడిగాను.

"నా పనికి వెలుతురు కావాలి సిల్కె. ఎండలొచ్చాక పెయింటు వేయిద్దాంలే. అసలు నువ్వు సరిగ్గా కిటికీలు తీసి ఉంటే ఈ గొడవే లేదు," అన్నాడు.

పెయింటు వేస్తే బూజు నాకు కనపడదు, అంతే. పిల్ల దాన్ని పీలుస్తూనే ఉంటుంది. ఈ సంగతి తెలిసీ ఈ మనిషి కంప్యూటరు వైపు తిరిగిపోయాడు. నాకు ఏడుపు రాలేదు, చెప్పలేనంత కోపమొచ్చింది.

వారానికొక్క రోజు ఆఫీసుకి పోవాలి కాబట్టి గురువారం వోల్కర్ వెళ్ళాడు. నేను సెలవు పెట్టాను. మంచం విప్పి, ముక్కలు ముక్కలుగా దక్షిణం గదిలోకి మోశాను. ఆయన బల్ల, కుర్చీ, రెండు కంప్యూటరు తెరలు ఉత్తరం గదిలోకి నెట్టి, సరిగ్గా ఆ నల్లగోడకి ఆనించాను.

"నాన్న కోప్పడతాడా?" అంది యూలె.

"కోప్పడతాడు. ఆ దిండిలా ఇవ్వు."

వోల్కర్ వచ్చాడు. ఉత్తరం గది తలుపు పిడికి వేలాడుతున్న మెట్ల బోర్డు ముందు, బూట్లతోనే నిలబడిపోయాడు.

"ఇదేంటి, ఇక్కడ పెట్టావు?"

"నీకు బోర్డొచ్చింది," అన్నాను. "మెట్లు శనివారంలోపు తుడువు. కిటికీ మాత్రం ఇప్పుడే తియ్యి."