తువాల కింద మూడు వేళ్లు

పెబ్బేరు సంతలో నలభై ఏళ్లు ఎడ్ల బేరాలు కుదిర్చినవాణ్ణి నేను. పేరు వెంకట్రాములు. సంతలో నా ముఖం తెలిసినంతగా నా గొంతు ఎవరికీ తెలియదు, ఎందుకంటే మా బేరం నోటితో జరగదు. ఇద్దరి చేతుల మీదా ఒక తువాల కప్పుతాం. దాని కింద అవతలివాడి వేళ్లు ఎన్ని పట్టుకుంటే అంత ధర. ఒప్పుకోనివాడు ఒక వేలు వెనక్కి లాక్కుంటాడు. కావాలనుకున్నవాడు దాన్ని వెతికి మళ్లీ పట్టుకుంటాడు. చుట్టూ పదిమంది మెడలు సాచి చూసినా వాళ్లకు కనబడేది గుడ్డ కదలడమే. బేరం ఎక్కడ తెగిందో మూడోవాడికి చెప్పకూడదు. తువాల కింద ఒప్పుకున్నది తువాల తీశాక మార్చకూడదు. మాకున్న శాస్త్రం ఈ రెండు ముక్కలే.

ఈ విద్య నాకు నేర్పినవాడు నబీ సాబ్. ఒకసారి కుర్రతనంలో నేను మూడు వేళ్లకు ఒప్పుకుని, బయటికొచ్చి రెండే అన్నాను. ఆయన తిట్టలేదు. ఆ దసరా నుంచి ఉగాది దాకా నాతో చేయి కలపలేదు. ఆరు నెలలు సంతలో తిరిగాను, పలకరించే గురువు లేక పిచ్చివాడిలాగా. మళ్లీ ఆ తప్పు చేయలేదు.

మోకాళ్లు పోయాక సంత మానేశాను. ఇప్పుడు నాతో తువాల బేరం చేసేది ఒక్కరే, నా మనవరాలు అర్చన. తొమ్మిదేళ్లు. పడుకునేముందు ఎన్ని కథలు చెప్పాలన్నది మా రోజువారీ బేరం. నేను ఒక వేలు ఇస్తాను, అది నాలుగు పట్టుకుంటుంది. రెండు కథల దగ్గర తెగుతుంది. ఆ రెండో కథ సగంలో ఎవరు ముందు నిద్రపోతారో చెప్పలేను, చాలాసార్లు నేనే.

ఈ జూన్‌లో బడులు తెరిచిన వారానికే ఇంట్లో గొడవ మొదలైంది. అర్చన అయిదో తరగతికి రావాలి. మా ఊరి బడిలో పిల్లలు పంతొమ్మిది మంది, సారు ఒక్కడు. ఆయన మీటింగుకు పోయిననాడు వంట చేసే నర్సమ్మే హెడ్మాస్టరు. నా కొడుకు రాకేష్‌కు వనపర్తి ఇంగ్లీషు మీడియం బడి కావాలి. వాళ్ల పసుపు బస్సు మా వీధి మొదట్లో ఆగుతుంది.

"గోడ అవతలి పిల్ల టై కట్టుకొని బస్సెక్కుతుంటె మన పిల్ల గుమ్మంల నిలబడి చూస్తది నాయినా. నా కండ్లతోని చూసిన" అన్నాడు వాడు.

కోడలు బాలమణి ఒప్పుకోలేదు. అర్చన పరీక్ష రాస్తే నాగర్‌కర్నూల్ దిక్కు గురుకులంలో సీటు వచ్చింది. అక్కడే ఉండాలి, అక్కడే తినాలి. శనివారం లోపు చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

"గంత చిన్న పిల్లను ఇడిచిపెట్టి ఎట్లుంటవే?" అన్నాడు రాకేష్.

బాలమణి చేటలోని బియ్యం పక్కన పెట్టింది. మామూలుగా నా ముందు గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"ఏడో తరగతిల నన్ను బడి మాన్పించి గద్వాల దిక్కు సీడు పత్తి చేన్లకు తోలిన్రు మామా. విత్తనం కట్టాలంటె పొద్దుగాల పొద్దుగాల పువ్వుకు పువ్వు రుద్దాలె. చిన్న చేతులైతె పువ్వు నలగదట. నాలుగు దినాలు పోయిరా బిడ్డా అన్నరు. ఆ నాలుగు దినాలు ఇంక అయిపోలే. ఇంట్ల ఉన్న పిల్ల చెయ్యి ఎప్పటికైన ఇంటికే కావాలె. గురుకులంల ఉంటె పొద్దుగాల ఎవ్వరు లేపి చేన్లకు తోలుకపోరు."

నేను ఊరుకోలేకపోయాను. "మన ఊరి బడికి ఏమైంది? నువ్వు సదివింది గాడనే కదర" అన్నాను. "సదివి ట్రాక్టరు నడుపుతున్న" అన్నాడు నా కొడుకు.

నిజం చెప్పాలంటే ఊరి బడి మీద నాకు ప్రేమేమీ లేదు. ఆ పిల్ల మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తుంది, రాత్రి నా పక్కన పడుకుంటుంది, అదీ సంగతి. అది లేని మంచం మీద నేనేం చేయాలి? ఈ మాట పైకి అంటే ముసలోడికి చాదస్తం అంటారని, సారు మంచివాడు, నీళ్లు మంచివి అని ఏవేవో చెప్పాను.

చివరికి రాకేష్ చేతులెత్తేశాడు. "నాలుగు జిల్లాల ఎడ్లను చూసినోనివి, బడులు చూడలేవా? పిల్లను తీస్కొని పోయి చూసిరా. నువ్వేది అంటె గదే." బాలమణి కూడా తలూపింది. నా మీద అంత నమ్మకం చూసి భయమేసింది.

ఎద్దును చూడటానికి నాకొక పద్ధతి ఉంది. పళ్లు, గిట్టలు, సుడులు తర్వాత. ముందు దాని పక్కన కాసేపు కళ్లు మూసుకుని కూర్చోవాలి. నెమరు వేసే చప్పుడు వినాలి. సాఫీగా నెమరేసే ఎద్దు మోసం చేయదు. బడికి కూడా అదే చాలనుకున్నాను.

మర్నాడు ఇద్దరం వనపర్తి బస్సెక్కాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం, దానికి జీరో టికెట్టు, నాకు పూర్తి టికెట్టు. "తాతా, నీకంటె నేనే నయం" అని దారంతా ఏడిపించింది. పసుపు బస్సుల బడి గేటు పక్కన అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. వందల గొంతులు ఒకేసారి ఒకే మాట చెబుతున్నాయి. వాన పడే రేకుల షెడ్డు కింద ఉన్నట్టుంది. చెడ్డ చప్పుడని అనలేను. కానీ అందులో ఒక్క గొంతును విడిగా పట్టుకోవాలని చూస్తే దొరకలేదు. లోపల గుమాస్తా ఫీజు సంగతి ఎత్తగానే అలవాటున నా తువాల తీసి అతని చేతి మీద కప్పాను. అతను చేయి లాక్కుని, "ఏం చేస్తున్రు పెద్దాయనా!" అని కుర్చీలోంచి లేచాడు. అర్చన నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తింది. నేనూ దాని వెనకే వచ్చేశాను.

బస్సులో ఎవరో చెప్పారు, ఖిల్లా ఘణపూర్ దగ్గర మామిడితోటలో ఒక కొత్తరకం బడి ఉందని. దారి తప్పినా పోయేదేముంది అని పోయాం. పట్నంలో ఉద్యోగాలు మానుకుని వచ్చిన భార్యాభర్తలు నడుపుతున్నారట. గంట లేదు, పరీక్ష లేదు. పాతిక మంది పిల్లలు. ఇద్దరు మట్టితో కోట కడుతున్నారు. నిజం కోట వెనక గుట్ట మీద మబ్బుల్లో ఉంది. ఒక పిల్ల చెట్టు కొమ్మ మీద పడుకుని పుస్తకం చదువుతోంది. తొలకరి వాసన, మామిడాకుల నీడ, ఎక్కడో పావురాల కూత. చెట్టుకు ఆనుకుని కళ్లు మూసుకున్నాను. వినడానికే మూసుకున్నాను, నిద్ర పట్టేసింది.

కలలో నేను అమ్మిన ఎడ్లన్నీ వచ్చాయి. నలభై ఏళ్ల ఎడ్లు. ఆ తోటలో వరసగా కూర్చున్నాయి, బడి పిల్లల్లాగా ముందుకాళ్లు ముడుచుకుని. ఒక్కోదాని దగ్గరికీ అర్చన పలక పట్టుకుని వెళ్లి, "నీకు ఎక్కడికి పోవాలని ఉంది?" అని అడుగుతోంది. కర్నాటకకు అమ్మిన వంకరకొమ్ము ఎద్దు నా వైపు చూసింది. "ఈ ముసలోడు నా పళ్లు చూసిండు, తోక చూసిండు. గీ మాట మాత్రం అడగలే" అంది.

ఉలిక్కిపడి లేచాను. ఎదురుగా ఆ బడి టీచరమ్మ అర్చన ముందు గొంతుక్కూర్చుని అడుగుతోంది, "నీకేం ఇష్టం అమ్మా? ఎట్లాంటి చోట చదువుకోవాలనుంది?"

అర్చన నా వైపు చూసింది. ఏం చెప్పాలో తెలియక కాదు, చెప్పొచ్చో లేదో తెలియక. ఇంట్లో ముగ్గురం పది రోజులు కొట్టుకున్నాం. ఆ పిల్లను ఒక్కరమూ అడగలేదు. నాకు సిగ్గేసింది. నేను తలూపాను. అది, "శానామంది దోస్తులుండాలె" అంది. ఆ టీచరమ్మ నవ్వి, "మా దగ్గర కొంచెమే ఉన్నారు" అంది. ఆ మనిషి నాకు నచ్చింది. తన సరుకు లోపం తనే చెప్పే అమ్మకందారును నలభై ఏళ్లలో ఇద్దరినే చూశాను.

మరుసటి రోజు గురుకులానికి పోయాం. పెద్ద ప్రహరీ, ఇనుప గేటు. నాకు గేటు చూడగానే మనసు కీడు శంకించింది. అక్కడి ప్రిన్సిపాల్ మేడం అర్చనను లోపల చూసి రమ్మని పంపింది. నేను వేపచెట్టు కింద బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. బకెట్ల చప్పుడు, ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలవడం, ఆటల దగ్గర గోల, ఒక మూల ఎవరో సన్నగా ఏడవడం, ఆ ఏడుపు దగ్గరికి ఇంకెవరో వెళ్లి ఏదో చెప్పడం. ఆ ఏడుపు మెల్లగా తగ్గి, కాసేపటికి నవ్వయింది. ఒక్కో గొంతూ విడిగా వినబడింది. నాకు కోపం వచ్చింది. ఏదైనా తప్పు దొరికితే బాగుండునని నేను వచ్చాను మరి.

అర్చన గంట దాకా రాలేదు. వచ్చినప్పుడు దాని జుట్టు రెండు జడలుగా వేసి, రిబ్బన్లతో మడిచి కట్టి ఉంది. "అచ్చంపేట అక్క వేసింది తాతా. ఆమె పక్కన మంచం ఖాళీగున్నదంట" అంది. తర్వాత నా ముఖం చూసి జడలు వెనక్కి వేసుకుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాం. పొద్దు వాలుతోంది. అటూ ఇటూ పత్తి గింజలు పెట్టిన చేలు, తడిసిన ఎర్రమట్టి. బస్సు ఊగుతుంటే కళ్లు మూతలు పడుతున్నాయి. ఇదే మంచి సమయం అనిపించి భుజం మీది తువాల తీశాను.

"చెయ్యి పెట్టు బిడ్డా. ఒకటంటే మన ఊరి బడి. రెండు పసుపు బస్సు. మూడు గురుకులం. నాలుగు మామిడితోట. ఎవ్వరు చూడరు, ఎవ్వరికి చెప్పను. నీ మనసుల ఏది ఉంటె గది పట్టు."

చిన్న చేయి నా వేళ్లను తడుముకుంటూ వచ్చి మూడింటిని పట్టుకుంది.

నేను ఒకటి లాక్కున్నాను. అది వెతికి మళ్లీ పట్టుకుంది. ఈసారి రెండు లాక్కున్నాను, ఒకటే మిగిల్చాను. ముసలి దళారిని, అంత తేలిగ్గా వదులుతానా? అది నా ముఖంలోకి చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూనే రెండు వేళ్లనూ ఒక్కొక్కటిగా పట్టుకుని గుప్పిట్లోకి తెచ్చుకుంది. గట్టిగా బిగించింది. దాని చేయి చెమటతో తడిసి ఉంది. ఇంక లాగలేదు నేను.

ఇంటికి వచ్చేసరికి ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. "ఏం జూసినవ్ నాయినా? ఏది?" అన్నాడు రాకేష్. అర్చన చెప్పులు విప్పుతూ తల వంచుకుంది. దానికి నా మీద నమ్మకం లేదేమో అని ఆ క్షణం అనిపించింది. ఊరి బడి అని ఒక్క మాట అంటే చాలు. తువాల కింద ఏముందో ఎవరు చూశారు? రాత్రికి రెండు కథలు, పక్కన అది. నోటి దాకా వచ్చింది. నబీ సాబ్ పోయి పన్నెండేళ్లయింది, అయినా సంతలో ఆయన నన్ను దాటుకుని పక్కవాడికి చేయి ఇచ్చిన రోజులు కళ్ల ముందు తిరిగాయి.

"గురుకులం" అన్నాను. "మంచిగున్నది." బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాకేష్ నా ముఖం చూసి, ట్రంకు పెట్టె దించడానికి లోపలికి పోయాడు.

శనివారం నలుగురం పోయాం. ట్రంకు పెట్టె, పళ్లెం, గ్లాసు, దుప్పటి. సంతకాలయ్యాయి. గేటు మూసే వేళ అర్చన లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. పెదవి బిగబట్టి ఉంది. "తాతా, తువాల" అంది. ఇనుప కమ్మీల మధ్యలోంచి చేయి పెట్టాను, పైన తువాల కప్పాను.

అది నా వేలు ఒక్కటే పట్టుకుంది.

ఒకటి. మన ఊరి బడి. ఇంటికి పోదాం తాతా.

నేను ఇన్ని రోజులుగా కోరుకున్న బేరం నా చేతిలో ఉంది. రాకేష్‌ను పిలిస్తే చాలు, పెట్టె మళ్లీ తలకెత్తుకునేవాడు. దాని వెనక, జడలు వేసిన ఆ అచ్చంపేట పిల్ల నిలబడి దీని దుప్పటి చంకలో పెట్టుకుని ఎదురుచూస్తోంది. బస్సులో తడిసిన ఆ చేయి ఎంత గట్టిగా బిగించిందో గుర్తొచ్చింది.

నా రెండో వేలు దాని గుప్పిట్లో పెట్టాను. తర్వాత మూడోది. అది వదిలేయబోయింది. నేను వదలనివ్వలేదు. కాసేపటికి మూడూ పట్టుకుంది, బస్సులో పట్టుకున్నట్టే. ముక్కు తుడుచుకుని లోపలికి నడిచింది. మలుపు దగ్గర ఒకసారి తిరిగి చూసింది.

బస్టాండుకు నడుస్తుంటే బాలమణి పక్కకొచ్చి మెల్లగా అడిగింది, "ఏమన్నది మామా తువాల కింద?"

"మూడోనికి చెప్పొద్దు బిడ్డా" అన్నాను.

బస్సెక్కాక తువాల ముఖం మీద కప్పుకుని, పెబ్బేరు వచ్చేదాకా నిద్రపోయినట్టు ఉన్నాను.