కుడిచేతి ముడి

అతను ఎడమచేతి బొటనవేలితో ప్లాస్టిక్ గొట్టాన్ని పైకి తోశాడు. తీగ కొండి నోరు తెరుచుకుంది. అందులోంచి పాత తోక జారి ఒళ్లో పడింది, కొత్త తోక ఎక్కింది, గొట్టం కిందికి దిగి నోరు మూసింది. కుడిచెయ్యి ఇంతసేపూ చొక్కా జేబులోనే ఉంది.

"చూశావా? ఊపిరి పీల్చి వదిలేలోగా అయిపోయింది," అన్నాడు.

వంటింటి బల్లకు అవతల కూర్చున్న భార్య కొండిని ఇటు ఇమ్మన్నట్టు ఎడమచెయ్యి చాపింది.

తోక అంటే గాలపు ముల్లు కట్టిన జానెడు దారం. పైకొసన చిన్న ఉచ్చు ఉంటుంది, అది పెద్దదారం చివరనున్న కొండికి తగులుకుంటుంది. అలాంటివి కొన్నిటికి ముందే ఎర గుచ్చి తడిగుడ్డలో పెట్టుకుంటే, నది ఒడ్డున ముల్లు మార్చడం, ఎర మార్చడం రెండూ ఒకే దెబ్బకు తీరిపోతాయి. గాలాల కొట్టులో తోకలు కట్టడమే అతని ఉద్యోగం. పెళ్లికాక ముందు నుంచీ అదే బల్ల, అదే కిటికీ. ముడి వేయడంలో చేయి తిరిగిన మనిషి. కొట్టుకు వచ్చేవాళ్లు ముడిమామ అనేవాళ్లు, అసలు పేరు అడిగినవాళ్లు తక్కువ.

ఆమె గొట్టాన్ని తోసింది. దారం వదులైంది, కొండి తిరగబడింది, తోక నేల మీద పడింది. మళ్లీ తోసింది. ఈసారి ముల్లు వెళ్లి బల్ల మీది గుడ్డలో దిగబడింది.

"చిటికెన వేలితో దారం బిగపట్టాలి. చెప్పానుగా," అన్నాడు.

"చిటికెన వేలు వినడంలేదు."

"ఎందుకు వినదు? నేను ఒక్క చేత్తో చేసి చూపించానా లేదా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం అతను. ఆమె ఆ కుందేళ్లను చాలా చూసింది. గుడ్డలోంచి ముల్లును నెమ్మదిగా వెనక్కి లాగి అతని ముందు పెట్టింది.

"నువ్వు పుర్రచేతివాడివయ్యా. నీ ఎడమచెయ్యి నీకు కుడిచెయ్యి. నాది మాత్రం ఉత్త ఎడమచెయ్యే."

అతను ఇన్ని వారాలుగా తీగ వంచి, గొట్టం కోసి, ఉచ్చు సరిచేసి, ప్రతిసారీ ఎడమచేత్తోనే పరీక్షించి, బ్రహ్మాండంగా ఉందని మురిసిపోయాడు. అన్నం తినడం, ముడి వేయడం, తలుపు తీయడం, అన్నీ ఎడమచేత్తోనే చేసే మనిషికి ఈ సంగతి తట్టకపోవడం విచిత్రమే. పుట్టినప్పటి నుంచీ తనతోనే ఉన్నదాన్ని ఎవరు మాత్రం గుర్తుపెట్టుకుంటారు?

అన్నం డబ్బా సర్దుకుని కొట్టుకు బయల్దేరాడు. వీధి చివర మెట్ల దగ్గర ఆగి ఆయాసం తీర్చుకున్నాడు.

ఆ నది ఒంపులో గాలం వేసేవాళ్లలో అతని భార్యను మించినవాళ్లు లేరు. దారాన్ని చూపుడువేలి మీద వేసుకుని కళ్లు మూసుకునేది. "ఇది పిల్లది, ఎర కొరుకుతోంది. ఇది రాయి. ఇదుగో, ఇది మీసాల చేప," అనేది. అన్న మాటే ఒడ్డుకు వచ్చేది. అతనికి మాత్రం నది ఏనాడూ ఏమీ ఇవ్వలేదు. అతని గాలానికి పాత చెప్పు పడిందన్న కథను వాళ్లిద్దరూ తమ్ముడని పిలిచే పడవవాడు ఇప్పటికీ కొత్తవాళ్లకు చెప్తూనే ఉంటాడు. అందుకే కాపురం మొదట్లోనే పని పంచుకున్నారు. కట్టడం, గుచ్చడం, మార్చడం అతనివి. పట్టుకోవడం ఆమెది. సాయంత్రం వెలుగు వాలుతుండగా చేపలు మేతకు ఆ ఒంపులోకి వస్తాయి, కాసేపటికే వెళ్లిపోతాయి. ఆ కాసేపట్లో ఒకటి ముల్లు మింగేస్తుంది, ఇంకొకటి ఎర నాకేసి పోతుంది. మార్చే చెయ్యి ఆలస్యమైతే ఆ పూటకు నది తలుపు మూసుకున్నట్టే. అతని చెయ్యి ఎప్పుడూ ఆలస్యం కాలేదు. మిగతా సమయమంతా పక్కన కూర్చుని ఆమెను కళ్లప్పగించి చూసేవాడు. కనపడని లోతును వేలితో చదివే మనిషి తనను పెళ్లాడిందన్న ఆశ్చర్యం అతనికి ఇంతవరకూ తీరలేదు.

పోయిన ఏడాది పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి పడిపోయింది. అయినా ఎడమవేలి మీద దారం వేసుకుంది, ఆ వేలికీ నది అర్థమైంది. మార్చడానికి అతను ఉన్నాడు కదా, బండి నడిచింది. ఆ తర్వాత అతని వంతు వచ్చింది. డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి, గుండె బాగా అలిసిపోయిందని, ఇక ఎక్కువ కాలం లాగదని చెప్పేశాడు. చావంటే అతనికి పెద్దగా భయం లేదు. ముల్లు తెగిన దారం చేత్తో పట్టుకుని, మార్చేవాళ్లు లేక, చేపలు వచ్చే వేళ ఆమె ఒక్కతే ఒడ్డున కూర్చుని ఉండటం, అదీ అతనికి మింగుడుపడనిది. మర్నాడే కొట్టునుంచి తీగ తెచ్చుకున్నాడు.

కొట్టులో తన వంతు పని చకచకా ముగించుకుని, ఎడమచేతిని నడుం బెల్టులోకి దోపేశాడు. కొండిని కుడిచేత్తో పట్టుకున్నాడు.

ఆ చెయ్యి తనదేనా అని అనుమానం వచ్చింది. బొటనవేలు గొట్టాన్ని తోస్తే చిటికెన వేలు తెరుచుకుంటుంది. చిటికెన వేలు మూస్తే బొటనవేలు ఆగిపోతుంది. తోక పడింది, తీశాడు. మళ్లీ పడింది. కొట్టు యజమాని బల్ల మీదుగా తొంగిచూశాడు. వాళ్ల నాన్న కాలం నుంచీ ఇక్కడున్నవాడని అతన్ని బాబాయ్ అంటాడు.

"ఏంటి బాబాయ్, ఎడమచేతికి సెలవిచ్చావా?"

"కుడిదాన్ని బడిలో వేశానురా అబ్బాయ్."

"ఈ వయసులోనా? ఫెయిలవుతుందేమో చూసుకో."

నవ్వాడు గాని, మాట నిజమే అనిపించింది. చొక్కా గుండీ విడిపోతే కుడిచేత్తో పెట్టుకోబోయాడు. గుండీ ఇటు జారింది, అటు జారింది, రంధ్రం ఎక్కడుందో వేలికి తెలియలేదు. చెమట పట్టింది. చేతిలో గుండీ అలాగే ఉండగా అతను కదలకుండా కూర్చుండిపోయాడు. ఆమె రోజూ పొద్దున్నే గుండీలు పెట్టుకుంటోంది. జడ వేసుకుంటోంది. సీసా మూత తీస్తోంది, పాలు కాస్తోంది, అతని డబ్బా కడుతోంది. అన్నీ ఈ ఉత్త ఎడమచేత్తోనే. ఏడాదిగా ఒక్కనాడూ అబ్బా అనలేదు. పక్కనే ఉండి తను చూసిందేమిటి? నది ఒడ్డున ఆమెను చూసి ఆశ్చర్యపోయినవాడు వంటింట్లో చూడనే లేదు. కళ్లు చెమ్మగిల్లాయి. గుండీ పెట్టుకోకుండానే లేచాడు.

ఛాతీలో బరువుగా ఉండి, వెనక సందులోని మెట్టు మీద గాలికి కూర్చున్నాడు. ఎదురింటి ముందు తీగ మీద ఉతికిన చొక్కాలు ఆరుతున్నాయి. గాలికి ఒక చొక్కా ఎగిరెగిరి పడుతోంది. చేతులు రెండూ ఆకాశంలోకి విసురుతోంది. భుజం దగ్గర మాత్రం పసుపు రంగు క్లిప్పు ఒకటి దాన్ని కరుచుకుని కూర్చుంది. అతను చాలాసేపు దాన్నే చూశాడు. ఈ సందులో రోజూ కూర్చునే మనిషి, రోజూ చూసిన క్లిప్పే.

ఆ ఇంటావిడ బట్టలు తీయడానికి వచ్చింది.

"ఒక్క క్లిప్పు ఇస్తావా అమ్మా?"

"ఒక్కటి ఏం చేసుకుంటారండీ?"

"మూడో చెయ్యి కావాలమ్మా మా ఇంట్లో," అన్నాడు.

ఆవిడ అయోమయంగా చూసి ఇచ్చేసింది.

క్లిప్పును బల్ల అంచుకు తీగతో కట్టాడు. దారాన్ని దాని నోట్లో పెట్టాడు. దారం బిగిసింది, కొండి తిన్నగా వేలాడింది. ఇక చిటికెన వేలితో పనే లేదు. గొట్టం నున్నగా జారిపోతుంటే దానికి దారం చుట్టి గరుకు చేశాడు. తోకల ఉచ్చులు ఉంగరమంత పెద్దవి చేశాడు. కుడిచేత్తో తోశాడు, తీశాడు, ఎక్కించాడు, మూశాడు. మళ్లీ చేశాడు. మొద్దు చెయ్యి, తెలివితక్కువ చెయ్యి, అయినా పని జరిగింది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది గాని, ఇంకో ఆలోచన వచ్చింది. కట్టిపెట్టిన తోకలు ఏదో ఒకనాడు అయిపోతాయి. ఆనాడు కట్టేదెవరు? క్లిప్పు సాయంతో ఒంటిచేత్తో ముడి కూడా పడుతుందా లేదా, తేల్చుకోవాల్సిందే. ముల్లును క్లిప్పులో పెట్టి, కుడిచేత్తో దారం చుట్టడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నమంతా ఆ ఒక్క ముడికే పోయింది. చివరికి పడింది. ఎలాంటి ముడి? వంకర, ఒక పక్క ఉబ్బు, పైన పిలకలా లేచిన దారం కొస. ఇంకెవరైనా కట్టి తెస్తే అవతల పారేసేవాడే. దానికి కొట్టులోని పెద్ద తూకపురాయిని వేలాడదీశాడు. ముడి కిర్రుమంది, బిగిసింది, నిలిచింది. రాయి గాలిలో నెమ్మదిగా తిరుగుతుంటే యజమాని కూడా వచ్చి నిలబడ్డాడు.

"పాసైంది బాబాయ్," అన్నాడు మెల్లగా.

సాయంత్రం ఇద్దరూ నది ఒడ్డుకు వెళ్లారు. ఒంపు దగ్గర నీళ్ల మీదికి చాచి ఉన్న చెక్కబల్ల వాళ్లది. ఎన్నో ఏళ్ల కిందట అతను కొట్టిన మేకులే ఇంకా పట్టుకుని ఉన్నాయి. క్లిప్పును ఆమె ఎడమపక్క చెక్క అంచుకు కట్టాడు. ఎర గుచ్చిన తోకలున్న రేకు డబ్బా దాని పక్కన పెట్టాడు. ఆ వంకర తోకను అన్నిటికంటే చివర పెట్టాడు.

"అదేంటి, ఎలకలు కొరికినట్టుంది?" అంది.

"కుడిచేత్తో కట్టాను."

ఆమె దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసింది. ఇంతకాలం కాపురంలో అతను వేసిన ముడిని అంతసేపు ఎప్పుడూ చూడలేదు. మళ్లీ డబ్బాలో దాని చోటనే పెట్టింది.

"నేను ముట్టుకోను. నువ్వే మార్చాలి," అని చెప్పి అతను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వెనకున్న గుంజకు ఆనుకున్నాడు.

వెలుగు వాలింది. నది రంగు మారింది. ముందు చిన్న చిన్న వలయాలు లేచాయి, ఆ తర్వాత ఒంపంతా కదిలింది. అడుగునుంచి ఏదో పెద్ద ప్రాణం ఒళ్లు విరుచుకుంటున్నట్టు నీళ్లు ఉబ్బాయి. ఆమె కళ్లు మూసుకుంది.

"మీసాలది," అంది.

దారం బిగిసింది. ఆమె మోకాలికి చుట్టుకుంటూ, కాస్త వదులుతూ, మళ్లీ లాగుతూ దాన్ని ఒడ్డుకు తెచ్చింది. ముల్లు మింగేసింది చేప. ఇదివరకైతే అతని చెయ్యి ఈపాటికే ముందుకు వచ్చేది. తొడల కింద వేళ్లు ఆత్రంగా కదిలాయి. ఆమె దారాన్ని క్లిప్పు నోట్లో పెట్టింది. బొటనవేలు గరుకు గొట్టాన్ని పైకి తోసింది. తోక జారి చేపతోనే బుట్టలోకి పోయింది. కొత్త తోక అందుకుంది, ఉచ్చు ఒకసారి తప్పింది, రెండోసారి ఎక్కింది. గొట్టం దిగింది. క్లిప్పు నొక్కి దారం విడిపించి, ఎరను నీళ్లలోకి విసిరేసింది.

ఒంపు ఇంకా కదులుతూనే ఉంది. ఆమె చెయ్యి ఆలస్యం కాలేదు.

అతను అంతా చూశాడు.

"ఇక నాతో నీకు పని లేదు," అన్నాడు.

"పని కోసమా నిన్ను పెట్టుకుంది?" అంది ఆమె, నీళ్ల మీంచి చూపు తిప్పకుండా.

అతను నవ్వాడు. తల గుంజకు ఆన్చాడు. చేపల వేళ అతను కునుకు తీయడం కొత్తేమీ కాదు. ఆమె ఇంకో చేప పట్టింది, తోక మార్చింది. "ఇది పిల్లది, వదిలేస్తున్నా," అని చెప్పింది. ఇంకోసారి ఎర పోయింది, మార్చింది. "చూశావా, ఈసారి తప్పలేదు," అంది. ప్రతిసారీ అతనికి చెబుతూనే ఉంది. డబ్బాలో మంచి తోకలన్నీ అయిపోయాయి. ఆ వంకరది ఒక్కటే మిగిలింది. దాన్నీ ఎక్కించి విసిరింది.

ఆఖరి పడవ అవతలి ఒడ్డునుంచి వస్తోంది. పడవ తమ్ముడు తెడ్డు ఆపి, చెక్కబల్ల వైపు పరీక్షగా చూశాడు.

"వదినా, అన్నయ్యకు చలేస్తోందేమో చూడు. తల వాలిపోయింది."

ఆమె తిరిగి చూసింది. ఉన్నది ఒక్క చెయ్యి, అందులో దారం. దారాన్ని క్లిప్పు నోట్లో పెట్టింది. ఖాళీ అయిన చెయ్యి చాపి అతని చెంప తాకింది. చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత చొక్కా మీద విడిపోయి ఉన్న గుండీని చూసి, ఎడమచేత్తో, ఒక్క ప్రయత్నంలోనే పెట్టేసింది.

"పడవ ఇటు తిప్పు తమ్ముడూ," అంది.

తమ్ముడు, పడవలో ఉన్న ఇంకొకాయన కలిసి అతన్ని ఎత్తుకున్నారు. అతని చేతులు అప్పటికీ తొడల కిందే ఉన్నాయి, వాళ్లే తీసి ఒళ్లో పెట్టారు. ఆమె కూడా ఎక్కింది. బుట్ట సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

పడవ వెళ్లాక ఒంపులో నీళ్లు సర్దుకున్నాయి. చెక్క అంచున పసుపు రంగు క్లిప్పు దారాన్ని కరుచుకుని ఉంది. ఆ దారం చివర లోతులో ఏదో ఒకసారి గట్టిగా లాగింది, మళ్లీ లాగింది, వంకర ముడి ఊడలేదు.