ఈ కన్నీళ్ళు దేనివి

…లేక ఇవి అమ్మ కోసమేనా? షేబ్వానా ముంజేత్తో మొహం తుడుచుకున్నాడు. తుడిచేలోపే మళ్ళీ కారాయి, కళ్ళూ ముక్కూ కలిసి. హెరాయిన్ మాన్పించే ఈ మందు రెండు రోజులు పడకపోతే ఎవరికైనా ఇంతే. ముందు ఆవలింతలు, తర్వాత నీళ్ళు, ఆపైన ఎముకల్లో ఎవరో పురికొస మెలిపెడుతున్నట్టు లాగుడు. ఆ రెండు రోజులూ అతను ఆసుపత్రిలో అమ్మ మంచం పట్టుకుని కూర్చున్నాడు. ఇవాళ పొద్దున ఆమె పోయింది. అప్పటికే కళ్ళు కారుతున్నాయి. పోయాక ఎక్కువయ్యాయో లేదో అతనికే తెలియలేదు.

క్లినిక్‌లో మందు ఇచ్చే కిటికీ ఇంకా తెరవలేదు. మొంబాసా ఎండ వరస మీదికి వచ్చేసింది. వరసలో గొంతు పెంచినవాడికి ఆ రోజు మందు లేదు. ఎనిమిది నెలలుగా షేబ్వానా గొంతు పెంచలేదు. అందరూ అతని నిగ్రహాన్ని మెచ్చుకుంటారు. పట్టి ఆపడానికి లోపల ఏదైనా మిగలాలి కదా అని అతనికే అనుమానం.

"ఇక్కడున్నావా? ఇక్కడ కాక ఎక్కడుంటావులే." అతని అన్న కొంబో వచ్చాడు, నమాజుకి వేసుకునే తెల్లటి పొడుగు అంగీలో. "అమ్మకి స్నానం అయిపోయింది. మధ్యాహ్నం జొహర్ నమాజు కాగానే లేపుతారు. గోతిలోకి దిగి అందుకోవాల్సింది మనిద్దరమే. పద."

"ఒక్క అరగంట అన్నా. తెరుస్తారు."

"అమ్మని అరగంట ఆగమని చెప్పనా?"

వెనకాల ఎవడో నవ్వాడు. "వెళ్ళవయ్యా, నీ వంతు నేను తాగిపెడతాలే."

షేబ్వానా నాలుక పంటి కింద నొక్కిపెట్టాడు. రెండు చేతులూ చాపాడు. "చూడన్నా. ఈ చేతులతో దిగితే అమ్మని జారవిడుస్తాను."

కొంబో చేతులు చూశాడు. తర్వాత మొహం. గొంతు తగ్గింది. "ఏడుస్తున్నావురా. అమ్మ కోసమా, మందు కోసమా?"

అరవాలనిపించింది. అరిస్తే మందు పోతుంది.

"తెలీదన్నా."

కొంబో వెళ్ళిపోయాడు.

మందు పడితే చేతులు ఆగుతాయి. కళ్ళూ ఆగుతాయి. పొడి కళ్ళతో గోరీ దగ్గర నిలబడితే జనం ఏమైనా అనుకోనీ, తనేమనుకుంటాడు? పడకుండా వెళ్తేనో, దారిలో హెరాయిన్ రోజుల పాత జట్టు కూర్చునే గోడ ఉంది. దాన్ని దాటగలిగే ఒళ్ళు కాదిది.

మసీదు నుంచి జొహర్ పిలుపు వినిపించాక గానీ కిటికీ తెరుచుకోలేదు. అతని వంతు వచ్చేసరికి నమాజు కూడా అయిపోయి ఉంటుంది. ఈ క్షణం పరుగెత్తితే గోతి దగ్గరైనా అమ్మని అందుకోవచ్చు.

"రెండు రోజులు కనపడలేదేం?" అంటూ నర్సు అతనికి కప్పు అందించింది. "అయినా నిన్ను చూసి నేర్చుకోవాలి వీళ్ళు. ఎంత నెమ్మది!"

అతను కప్పు పట్టుకుని నిలబడ్డాడు. చెంప మీంచి ఒక చుక్క పెదవి మీదికి జారింది. ఉప్పగా ఉంది. అంతకుమించి ఆ చుక్క ఏమీ చెప్పలేదు.

తాగేశాడు. కప్పు అడుగున ఎర్రటి మరక అంటుకుని ఉంది. కిటికీ గట్టు మీది చెంబు వంచి కాసిన్ని నీళ్ళు పోసి, తిప్పి, అదీ తాగాడు.